ట్యాబ్ తెర మీద మెరుపు: మీ ఇంటి వెలుగుకు, మీ పనికి తగిన యాంటీ గ్లేర్ స్క్రీన్ గార్డ్ ఎంచుకోవడం ఎలా

మా నాన్నగారు పొద్దున్నే ట్యాబ్‌లో పేపరు చదువుతారు. కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం ఆయన అలవాటు. తెర మీద వార్తతోపాటు కిటికీ ఊచలు, బయట కొబ్బరి చెట్టు కూడా కనిపించేవి. కంట్లో శుక్లం మొదలయ్యాక ఆ మెరుపు ఆయనకు మరీ కష్టమైంది. నేను దుకాణానికి వెళ్లి "మ్యాట్ స్క్రీన్ గార్డ్ వేయండి" అన్నాను, వాళ్లు ఏది వేస్తే అది వేయించుకుని వచ్చాను. కిటికీ మాయమైంది. రెండు రోజులయ్యాక నాన్నగారు, "అక్షరాలకు పొగ పట్టినట్టుందిరా, వత్తులు ఆనడం లేదు" అన్నారు.

ఆ తర్వాత మూడు రకాల గార్డులు మార్చాం. వాటితో నాకు ఒక విషయం స్పష్టమైంది. యాంటీ గ్లేర్ గార్డ్ మెరుపును తీసేయదు, చెదరగొడుతుంది. చెదిరిన ఆ వెలుగు తెర మీద పలచగా పరుచుకుంటుంది, అక్షరాల పదును కూడా కొంత తగ్గుతుంది. కాబట్టి గార్డ్ ఎంత గరుకుగా ఉంటే అంత మంచిదని అనుకోకూడదు. మన అవసరం తీరేంత గరుకు చాలు. అది ఎంతో తేల్చుకోవడం ఎలాగో ఒక్కో అడుగుగా చెబుతాను.

ఒకే పేరు, రెండు వేర్వేరు వస్తువులు

కళ్లజోళ్ల దుకాణంలో "యాంటీ గ్లేర్ కోటింగ్" అంటారు. ట్యాబ్ గార్డ్ ప్యాకెట్ మీదా యాంటీ గ్లేర్ అనే ఉంటుంది. రెండూ ఒకటే అనుకుంటే మొదటి తప్పు అక్కడే జరుగుతుంది.

గాలికీ గాజుకూ మధ్య హద్దు దగ్గర, ఎదురుగా పడే వెలుగులో దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. అది కొంచెమే అనిపిస్తుంది కానీ, పట్టపగలు కిటికీ వెలుగు తెర వెలుగుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందులో 4 శాతం తిరిగి వచ్చినా అక్షరాలను కప్పేస్తుంది. కళ్లద్దాల మీద పూత ఈ 4 శాతాన్నే తగ్గిస్తుంది. చాలా పలచని పొరల్లో వెలుగు తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కళ్లజోడును వాలుగా పట్టుకుంటే కనిపించే ఆకుపచ్చ లేదా ఊదా రంగు ఛాయ ఆ పూతదే. దీని అసలు పేరు యాంటీ రిఫ్లెక్షన్.

ట్యాబ్‌లకు అమ్మే యాంటీ గ్లేర్ గార్డుల్లో ఎక్కువ భాగం మ్యాట్ రకం. వీటి పై ముఖం కంటికి ఆననంత సన్నగా గరుకుగా ఉంటుంది. వెలుగు తిరిగి రావడం మానదు కానీ ఒకే దిక్కుకు రాకుండా నలుదిక్కులకూ పోతుంది. నున్నని స్టీలు పళ్లెంలో ముఖం కనిపిస్తుంది, పీచుతో బాగా తోమి గరుకెక్కిన పళ్లెంలో కనిపించదు. అంతే తేడా. కొనేటప్పుడు "ఇది మ్యాటా, యాంటీ రిఫ్లెక్షన్ పూతా?" అని అడగండి. జవాబు రాకపోతే ట్యూబ్‌లైటు కింద పట్టుకుని చూడండి. దీపం అంచులు చెదిరి మసకగా కనిపిస్తే మ్యాట్. అంచులు స్పష్టంగానే ఉండి, దీపం మాత్రం మసకబారి రంగు ఛాయలో కనిపిస్తే పూత ఉన్నట్టు.

మొదటి అడుగు: వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

డబ్బు పెట్టే ముందు ట్యాబ్ ఆపేసి, రోజూ కూర్చునే చోటే, రోజూ పట్టుకునే తీరులోనే పట్టుకోండి. నల్లటి తెరలో ఏం కనిపిస్తోంది? ట్యూబ్‌లైటా, కిటికీయా, ఆకాశమా, మీ తెల్ల చొక్కానా? ఉదయం ఒకసారి, రాత్రి దీపాలు వేశాక ఒకసారి చూడండి.

ఒక దీపమో, ఒక కిటికీయో స్పష్టంగా కనిపిస్తే మ్యాట్ గార్డ్ బాగా పనిచేస్తుంది. ఒక్కచోట పోగైన మెరుపును అది విరజిమ్ముతుంది కాబట్టి కంటికి హాయిగా ఉంటుంది. గదిలో ఒకటి రెండు దీపాలు ఉండే మామూలు ఇళ్లకు, తరగతి గదులకు, ఆఫీసు బల్లలకు ఇదే వర్తిస్తుంది.

ఆరుబయట సంగతి వేరు. పొలం గట్టు మీద, భవనాలు కడుతున్న చోట, బండి మీద తిరిగే పనిలో ట్యాబ్ వాడేవాళ్లు మ్యాట్ వేయించుకుని నిరాశ పడటం చూశాను. ఇంట్లో బల్ల మీద వెలుగు కొన్ని వందల లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, నడినెత్తిన ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఆ ఎండ నేరుగా గరుకు ముఖం మీద పడి చెదిరితే తెరంతా తెల్లటి ముసుగు కప్పినట్టవుతుంది. నున్నని తెరనైతే కాస్త వంచి సూర్యుణ్ణి తప్పించవచ్చు, మ్యాట్ తెరతో ఆ వీలు తక్కువ. ఎండలో పనిచేసేవాళ్లు ముందు చూడాల్సింది తెర ప్రకాశం. ఆ తర్వాత యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉన్న గార్డ్, తెరకు నీడపట్టే కవర్. మ్యాట్ గార్డ్ వాళ్లకు చివరి ఎంపికే.

ఇంకో చిన్న విషయం. నల్లటి నేపథ్యం మీద ప్రతిబింబం బాగా తేలుతుంది, తెల్లటి పేజీ మీద చాలావరకు మునిగిపోతుంది. డార్క్ మోడ్ పెట్టుకుని, మెరుపుతో ఇబ్బంది పడుతుంటే పగటిపూట దాన్ని తీసి చూడండి. కుర్చీని పావు వంతు పక్కకు తిప్పండి, ప్రకాశం పెంచండి. కొందరికి ఇంతటితోనే సమస్య తీరిపోతుంది. అప్పుడు గార్డ్ అక్కర్లేదు.

రెండో అడుగు: మీ తెర ఎలాంటిదో తెలుసుకోండి

ఈ అడుగును చాలామంది దాటేస్తారు. తెర మీద మెరుపును చెదరగొట్టే గరుకు పొరే, లోపలి నుంచి వచ్చే అక్షరాల వెలుగునూ చెదరగొడుతుంది. అక్షరాలు పుట్టే చోటుకూ గరుకు పొరకూ మధ్య దూరం పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది.

కొన్ని ట్యాబ్‌లలో పై గాజుకూ లోపలి తెరకూ మధ్య గాలి ఖాళీ ఉంటుంది. 9వ, 10వ తరం మామూలు ఐప్యాడ్‌లు ఈ రకమే. ఐప్యాడ్ ఎయిర్, ప్రో, మినీల కొత్త తరాల్లో రెండూ కలిపి అతికించి ఉంటాయి, పైగా యాంటీ రిఫ్లెక్షన్ పూత కూడా ఉంటుంది. ఖాళీ ఉన్న తెర మీద ముతక మ్యాట్ వేస్తే అక్షరాలు ఎక్కువ మసకబారుతాయి. దానికి సన్నటి గరుకు, పలచటి పొర వెతకండి. పూత ఉన్న తెర మీద మామూలు గార్డ్ అతికిస్తే, ఇక బయటి ముఖం ఆ గార్డ్‌దే కాబట్టి కింద ఉన్న ఖరీదైన పూత పనికిరాకుండా పోతుంది. అలాంటి తెరకు గార్డ్ వేయాలా వద్దా అని రెండుసార్లు ఆలోచించండి.

తెర మీది చుక్కల (పిక్సెళ్ల) సాంద్రత కూడా ముఖ్యం. మ్యాట్ పొరలోని ప్రతి చిన్న గుబ్బా ఒక భూతద్దంలా పనిచేస్తుంది. తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు ఆ గుబ్బల పరిమాణానికి దగ్గరయ్యేకొద్దీ తెల్లటి పేజీ మీద రంగురంగుల ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. దీన్ని స్పార్కిల్ అంటారు. మామూలు ఐప్యాడ్‌లో అంగుళానికి 264 చుక్కలు ఉంటాయి. గరుకు ముతకగా ఉంటే ఈ ఇసుక కంటికి ఆనుతుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన శామ్‌సంగ్ ట్యాబ్ ఏ7 లైట్ 8.7 అంగుళాలది, అంగుళానికి 179 చుక్కల దాకా ఉంటాయి. అలాంటి తెర మీద స్పార్కిల్ బెడద తక్కువ. కాకపోతే తెలుగు అక్షరాలు అప్పటికే అంత పదునుగా ఉండవు కాబట్టి, మసక పెంచే గార్డ్ దానికీ మంచిది కాదు.

కొన్ని ట్యాబ్‌లు ఫ్యాక్టరీ నుంచే మెరుపు లేని గాజుతో వస్తున్నాయి. 2024 నుంచి ఐప్యాడ్ ప్రోలో 1 టీబీ, 2 టీబీ స్టోరేజ్ ఉన్న రకాలకు నానో టెక్స్చర్ అనే గరుకు గాజు ఎంచుకోవచ్చు. షావోమీ ప్యాడ్ 7లో కూడా అలాంటి రకం ఒకటి 2025లో మన దగ్గర విడుదలైంది. కొత్త ట్యాబ్ కొనబోతూ మెరుపే మీ ప్రధాన బాధ అయితే, ముందు వీటిని షోరూంలో చూడండి. గాజు మీదే చెక్కిన గరుకు పైన అతికించిన పొర కంటే శుభ్రంగా ఉంటుందని నా అభిప్రాయం.

మూడో అడుగు: ట్యాబ్ మీద మీరు చేసే పని

చదవడమే ముఖ్యమైతే తక్కువ గరుకు. సినిమాలు, ఫొటోలు ఎక్కువైతే మ్యాట్ గురించి తొందరపడకండి, నలుపు బూడిద రంగులోకి మారి రంగుల నిండుదనం తగ్గుతుంది. ఆటలు ఆడే పిల్లలకు మ్యాట్ నచ్చుతుంది, చెమట వేళ్లు అంటుకోకుండా జారతాయి.

పెన్నుతో రాసేవాళ్ల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. నున్నని గాజు మీద పెన్ను జారిపోతుంది. తెలుగు అక్షరంలో వంపులే ఎక్కువ, సున్నా చుట్టబోతే చెయ్యి ఆగదు. "పేపర్ లైక్" అని అమ్మే గరుకు ఫిల్ములు దీనికోసమే, వాటి మీద పెన్ను కాగితం మీద ఆగినట్టు ఆగుతుంది. కానీ ఆ గరుకు పెన్ను మొనను అరగదీస్తుంది. రోజూ గంటల తరబడి నోట్సు రాసే విద్యార్థి అదనపు మొనల ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. కొన్ని నెలలకు ఎక్కువగా రాసే చోట ఫిల్మే నునుపెక్కి మెరుస్తుంది. అది కనిపించినప్పుడు ఫిల్మ్ మార్చాలి. పగలంతా చదువు, సాయంత్రం అరగంట రాత అయితే పేపర్ లైక్ వద్దు, మామూలు సన్న మ్యాట్ చాలు.

నాలుగో అడుగు: గరుకు ఎంతో మీరే కొలవండి

మ్యాట్ ఎంత మసకో చెప్పడానికి హేజ్ అనే శాతం లెక్క ఉంది. అంకె పెరిగేకొద్దీ మెరుపు బాగా చెదురుతుంది, అక్షరం కూడా మసకబారుతుంది. ప్యాకెట్ మీద ఈ అంకె ఉంటే మీ అదృష్టం. చాలా వాటి మీద ఉండదు. అందుకని నేను రెండు పరీక్షలు చేస్తాను.

మొదటిది కాగితం పరీక్ష. అచ్చు అక్షరాలున్న కాగితం మీద గార్డ్‌ను ఆనించి పెట్టండి, అక్షరాలు బాగానే కనిపిస్తాయి. ఇప్పుడు నెమ్మదిగా పైకి లేపండి. ఒక సెంటీమీటరు లేచేసరికే అక్షరాలు అలికినట్టయితే అది ముతక మ్యాట్. రెండు మూడు సెంటీమీటర్ల దాకా చదవగలిగితే సన్నది. రెండు మూడు రకాలను పక్కపక్కన పెట్టి లేపితే తేడా ఇట్టే తెలుస్తుంది. దుకాణంలో అర నిమిషం పని, ఎవరూ కాదనరు.

రెండోది మన లిపికే ప్రత్యేకమైన పరీక్ష. ఇంగ్లిష్ పేజీ మీద బాగున్న గార్డ్ తెలుగు పేజీ మీద తేలిపోవచ్చు. మన అక్షరాల్లో తేడా అంతా చిన్న చుక్కల్లో, గీతల్లో ఉంటుంది. ధ, థ పక్కపక్కన పెట్టండి, మధ్యలో చుక్క ఒక్కటే తేడా. ర, ఠ అంతే. ప, ఫ, ష చూడండి. తర్వాత "లక్ష్మి", "స్వాతంత్ర్యం", "వైద్యం" లాంటి వత్తులున్న మాటలు. నేను ఫోన్‌లో నోట్‌గా రాసి పెట్టుకుని ట్యాబ్‌లో తెరుస్తాను. మీరు రోజూ చదివే ఈపేపర్ పేజీని, పెద్దది చేయకుండా, మామూలు సైజులోనే తెరవండి. స్కాన్ చేసిన పాత పుస్తకాలు చదివేవాళ్లు ఆ పీడీఎఫ్‌నే చూడాలి, ఎందుకంటే అందులో అక్షరాలు ముందే చెదిరి ఉంటాయి. గార్డ్‌ను అతికించకుండా తెర మీద ఆనించి, సగం తెర కప్పి, సగం వదిలి చదవండి. అతికించాక ఇంతకంటే కొంచెం స్పష్టంగానే ఉంటుంది, మధ్యలో గాలి పొర పోతుంది కాబట్టి. ఆనించినప్పుడే థకారంలో చుక్క కనిపిస్తే ఆ గార్డ్ మీకు సరిపోతుంది.

ఎవరు వాడతారో వాళ్ల కంటితోనే ఈ పరీక్ష చేయించండి. నేను నాన్నగారి కోసం నా కళ్లతో చూసి కొన్నాను, అందుకే మొదటిసారి దెబ్బతిన్నాను.

ఐదో అడుగు: ఫిల్మా, గాజా, హైడ్రోజెలా

మ్యాట్ గుణమే ముఖ్యమైతే పలచటి పీఈటీ (ఒక రకం ప్లాస్టిక్) ఫిల్మ్ నా మొదటి ఎంపిక. గరుకు పొర తెరకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి అక్షరం పదునుగా ఉంటుంది. పైగా బరువుండదు. కింద పడితే మాత్రం పెద్దగా కాపాడదు.

మ్యాట్ టెంపర్డ్ గ్లాస్ మందం ఎక్కువ, 0.33 మిల్లీమీటర్లవి సాధారణంగా దొరుకుతాయి. గరుకు అంత పైన ఉంటుంది కాబట్టి మసక కొంచెం పెరుగుతుంది. కానీ పిల్లల చేతిలో ఉండే ట్యాబ్‌కు ఇదే మేలు. దెబ్బ తగిలితే ముందు అది పగులుతుంది.

ఇప్పుడు చాలా ఊళ్లలో మొబైల్ దుకాణాల్లో హైడ్రోజెల్ (మెత్తగా సాగే ప్లాస్టిక్ పొర) కటింగ్ మెషిన్లు ఉన్నాయి. మోడల్ ఎంచుకుంటే షీటును అక్కడికక్కడే కత్తిరించి అతికిస్తారు. గార్డ్ దొరకని పాత మోడళ్లకు, అరుదైన కంపెనీలకు ఇది వరం. వీటిలో మ్యాట్ షీటూ ఉంటుంది. మెత్తగా ఉండటంవల్ల పెన్ను రాతకు, గోటి గీతకు అంతగా ఆగదు. మెషిన్ ట్యాబ్ సైజు షీటు కత్తిరిస్తుందో లేదో ముందే అడగండి, కొన్ని ఫోన్ల సైజు వరకే.

అయస్కాంతంతో పెట్టి తీసే పేపర్ లైక్ షీట్లు కూడా ఉన్నాయి. రాసేటప్పుడు పెట్టుకుని సినిమాకు తీసేయవచ్చు. ఆ సౌకర్యానికి బదులు, తెరకూ షీటుకూ మధ్య గాలి ఉండిపోతుంది. ఆ రెండు హద్దుల దగ్గరా మళ్లీ వెలుగు తిరుగుతుంది, అందుకే ఇవి కాస్త వెలిసినట్టు కనిపిస్తాయి. రాతకే వాడితే ఫరవాలేదు.

హైదరాబాద్ వాళ్లయితే ఆబిడ్స్ జగదీష్ మార్కెట్, కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్లి రకాలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువు చూసుకుని, పైన చెప్పిన ఆనించే పరీక్ష అయ్యేదాకా వెనక కాగితం ఒలవకండి.

ఆరో అడుగు: ప్యాకెట్ మీది మాటలు

"9హెచ్" అంటే పెన్సిల్ గట్టిదనం పరీక్షలో 9హెచ్ పెన్సిల్ గీసినా గీత పడలేదని అర్థం. వజ్రానికి 10 ఇచ్చే ఖనిజాల కొలతతో దీనికి సంబంధం లేదు. ఆ కొలతలో గాజు ఆరుకు అటూ ఇటూ, ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే సంచిలో చేరిన ఇసుక రేణువు 9హెచ్ గార్డ్‌ను కూడా గీకగలదు.

"బ్లూ లైట్ ఫిల్టర్" కోసం అదనంగా డబ్బు పెట్టకండి. నీలి కాంతిని వడగట్టే కళ్లద్దాల మీద జరిగిన అధ్యయనాలను వైద్య పరిశోధనలను పోల్చి చూసే కాక్రేన్ సంస్థ 2023లో సమీక్షించింది. కంప్యూటర్ పనిలో వచ్చే కంటి అలసటను అవి స్వల్పకాలంలో తగ్గిస్తాయనడానికి ఆధారం కనిపించలేదని చెప్పింది. గార్డ్ మీది పసుపు ఛాయ రంగులను మాత్రం మారుస్తుంది. మెరుపు తగ్గితే కళ్లు చికిలించడం తగ్గుతుంది, నిజమే. కానీ మంట, ఎరుపు, తలనొప్పి ఆగకపోతే అది గార్డ్ పని కాదు, కంటి డాక్టరును కలవండి.

ఏడో అడుగు: కొలత

అంగుళాలు చూసి కొనకండి, మోడల్ చూసి కొనండి. 5వ తరం ఐప్యాడ్ ఎయిర్, 10వ తరం ఐప్యాడ్ రెండూ 10.9 అంగుళాలే. మొదటిదానికి ముందు కెమెరా పొట్టి అంచు మీద, రెండోదానికి పొడవు అంచు మీద ఉంటుంది. ఒకదాని గార్డ్ ఇంకోదానికి వేస్తే కెమెరా మీద మ్యాట్ పొర వచ్చి, ఆన్‌లైన్ క్లాసులో ముఖం మంచులో ఉన్నట్టు కనిపిస్తుంది. అదే 7, 8, 9 తరాల 10.2 అంగుళాల ఐప్యాడ్‌లకు మాత్రం ఒకే గార్డ్ సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ చివర "అబౌట్ ట్యాబ్లెట్"లో మోడల్ నంబరు ఉంటుంది, దుకాణంలో అదే చెప్పండి. తెర కిందే వేలిముద్ర చూసే ట్యాబ్ అయితే, ఆ గార్డ్ మీద వేలిముద్ర పనిచేస్తుందో లేదో కనుక్కోండి. కవర్ అంచు గార్డ్ మీదికి వస్తే మూల లేచిపోతుంది, అందుకని కవర్ తొడిగే సరిచూడండి.

ఎనిమిదో అడుగు: అతికించడం

ట్యాబ్ తెర పెద్దది, ఒక్క నలుసు చాలు పాడుచేయడానికి. ఫ్యాన్, కూలర్ ఆపండి. ఇంట్లో దుమ్ము తక్కువగా ఉండే చోటు స్నానాల గది. వేడినీళ్లు పట్టి ఆవిరి కమ్మాక, అది తగ్గేదాకా ఆగితే గాలిలోని దుమ్ము కిందికి దిగుతుంది. తడిలేని చిన్న బల్ల వేసుకోండి, ట్యాబ్ ఆపేయండి.

ప్యాకెట్‌లో వచ్చే తడి వైప్‌తో తుడిచి, పొడి మైక్రోఫైబర్ బట్టతో మెరిసేదాకా తుడవండి. దీపాన్ని వాలుగా పట్టి చూస్తే మిగిలిన నలుసులు తేలతాయి, వాటిని స్టిక్కరుతో అద్ది తీయండి. గార్డ్‌ను ముందు కాగితం ఒలవకుండానే సరిగ్గా అమర్చి, ఒక పక్క రెండు చోట్ల టేపు వేసి తలుపు బందులా చేసుకోండి. ఇప్పుడు తెరిచి, ఒక అంచున రెండు మూడు అంగుళాలు మాత్రమే ఒలిచి ఆనించి, కార్డుతో నెట్టుకుంటూ మిగతాది ఒలుస్తూ పోండి. మొత్తం ఒకేసారి ఒలిస్తే గాలిలోని దుమ్మంతా జిగురు లాగేస్తుంది.

నలుసు చిక్కితే ఆ మూల దాకా లేపి, ఇంకో టేపు ముక్కతో జిగురు వైపు అద్దండి, నలుసు టేపుకు వస్తుంది. మధ్యలో నలుసు లేని చిన్న గాలి బుడగలు ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే పోతాయి.

వాడుకలో మ్యాట్‌కు శత్రువు జిడ్డు. కొబ్బరినూనె చేతులు, పచ్చడి చేతులు తగిలితే గరుకు గుంటల్లో జిడ్డు నిండి అక్కడక్కడా నున్నగా మెరుస్తుంది. పొడి బట్టతో రుద్దితే అది ఇంకా పరుచుకుంటుంది. కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్‌తో తుడిచి, తర్వాత ఆరబెట్టండి.

తీయాల్సి వచ్చినప్పుడు మూలను గోటితో పెకలించకండి. హెయిర్ డ్రయర్‌ను దూరం నుంచి, తక్కువ వేడితో కొన్ని సెకన్లు చూపి జిగురు మెత్తబడ్డాక, పైకి లాగకుండా తెరకు సమాంతరంగా వెనక్కి మడుస్తూ నెమ్మదిగా తీయండి. పగిలిన గాజయితే ముందు దాని మీదంతా వెడల్పు టేపు అతికించండి, ముక్కలు చేతికి గుచ్చుకోకుండా టేపుతోపాటే వచ్చేస్తాయి.